కాలేజీలో పాళీ బదలీ లేదట

ఆ రోజుల్లో కాలేజీలో ఏ సబ్జెక్టు తీసుకోవాలన్నది చదవబోయే పిల్లను తప్ప అందరినీ అడిగేవారు. ఇప్పటి పిల్లలు మంచం మీద బోర్లా పడుకుని, ఫోను మీద వేలు అటూ ఇటూ జరిపి, సీటూ సబ్జెక్టూ టైంటేబులూ తెచ్చేసుకుంటుంటే సంతోషిద్దామనే చూస్తాను గానీ, కడుపులో ఎక్కడో చిన్న మంట లేస్తుంది. నాకు జాగ్రఫీ దక్కడానికి మా బాపు, అమ్మ, పక్కింటి మామ, ఆయన భార్య, కాలేజీ గుమాస్తా, కతర్‌గామ్ నుంచి వచ్చే ఒక వజ్రాల పనివాడి కూతురు, చివరికి ఆ కాలేజీ స్టాఫ్ రూమంతా చర్చకు కూర్చోవలసి వచ్చింది. (నన్ను మాత్రం ఎవరూ కూర్చోమనలేదు.) తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి.

మాది సూరత్ శివార్లలో భేస్తాన్. కరీంనగర్ వైపు నుంచి నేతపనికి వచ్చిన కుటుంబాలు ఒకే గల్లీలో, కుటుంబానికో గది చొప్పున వరుసగా ఉండేవి. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలంటారు. సాంచాలకు నిద్ర లేదు గనక వాటి ముందు నిలబడే మనుషులు వంతులు వేసుకోవాలి. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా ఒకరు, అక్కణ్ణుంచి మళ్ళీ తెల్లారి ఏడు దాకా ఇంకొకరు. ఆ వంతుకు పాళీ అని పేరు. మనం నిలబడ్డ సాంచాల మీదే రెండో పాళీలో నిలబడే మనిషి మన జోడీదారు. పదిహేను రోజులకోసారి పగటివాడు రాత్రికి, రాత్రివాడు పగటికి మారతారు. అది పాళీ బదలీ. మా బాపు దృష్టిలో ఈ భూమి మీద ఇంతకంటే న్యాయమైన ఏర్పాటు లేదు. ఎండైనా చలైనా, కొత్తవాడైనా పాతవాడైనా, పదిహేను రోజులు తిరిగేసరికి అందరికీ రాత్రి వస్తుంది, అందరికీ పగలూ వస్తుంది. సేటు కొడుకు పెళ్ళయినా, గణపతి పండగైనా ఆ లెక్క తప్పేది కాదు.

బాపు జోడీదారు మా పక్క గదిలోనే ఉండేవాడు. చుట్టరికం లేకపోయినా నాకు ఆయన మామ, ఆయన భార్య అత్త. వాళ్ళది ఎంత గట్టి స్నేహమంటే ఒకరి బీడీ ఇంకొకరు అడక్కుండా తీసుకునేవారు. కానీ ఒకరు మేలుకుంటే ఇంకొకరు పడుకునేవారు కాబట్టి, కార్ఖానా బంద్ ఉండే ఆ ఒక్క రోజు తప్ప వారం పొడుగునా ఇద్దరూ సాంచాల దగ్గర ఏడు గంటలప్పుడు రెండు మాటలు చెప్పుకుని విడిపోవలసిందే. ఇంటి సంగతులన్నీ ఆ రెండు మాటల్లోనే తేల్చుకునేవారు. ఒకసారి మా అమ్మ జ్వరం గురించీ, తెగిన సాంచా బెల్టు గురించీ, అత్త తమ్ముడి పెళ్ళి సంబంధం గురించీ ఒకే వాక్యంలో చెప్పుకోవడం నేను స్వయంగా విన్నాను.

నేను పన్నెండో తరగతి పాసయ్యాను. అప్పటికి మా గల్లీలో అంతదాకా చదివిన ఆడపిల్ల లేకపోవడంతో అందరూ నన్ను కలెక్టరమ్మ అనేవారు. అది మెచ్చుకోలు కాదు. నల్లా దగ్గర వరస తప్పినా, బిందె జారినా, 'ఏంది కలెక్టరమ్మా' అనడానికి పనికొచ్చేది. నాకు మాత్రం జాగ్రఫీ చదవాలని ఉండేది. కారణం పెద్దదేమీ కాదు. ఎండాకాలం సెలవుల్లో ఊరికి పోయేటప్పుడు రైలు కిటికీ పక్క సీటు కోసం తమ్ముడితో కొట్లాడి గెలిచి, సూరత్ స్టేషన్ నుంచి కాజీపేట దాకా రెప్పవేయకుండా కూర్చునేదాన్ని. నల్ల నేలలు, పత్తి చేలు, ఎండిన వాగులు, ఉన్నట్టుండి గుట్టలు. బడిలో మాస్టారు గోడకు పటం తగిలించిన రోజున ఆ దారంతా సన్నటి గీతగా కనిపించింది. నేను చూసినవన్నీ ఎవరో కాగితం మీద పెట్టేశారు. నాకూ అలా పెట్టడం రావాలనిపించింది. ఇంత చిన్న కోరికకు అంత గొడవ అవుతుందని నేను ఎలా అనుకుంటాను?

కాలేజీలో రెండు పూటలు. పొద్దున ఏడున్నర నుంచి పదకొండున్నర దాకా ఒక జట్టు, పన్నెండు నుంచి అయిదున్నర దాకా ఇంకొక జట్టు. గదులు అవే, బెంచీలు అవే. పొద్దుటి పూట సోషాలజీ, గుజరాతీ సాహిత్యం, అర్థశాస్త్రం. జాగ్రఫీ, చరిత్ర మధ్యాహ్నం మాత్రమే. మా గల్లీవాళ్ళకు పొద్దుటి కాలేజీ అంటే మంచి అభిప్రాయం. ఆడపిల్ల ఎండెక్కేలోపు పోయి, అన్నం వేళకు ఇంట్లో ఉంటుంది. మధ్యాహ్నం కాలేజీ అంటే షేరింగ్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని, భేస్తాన్ ఫాటక్ అనే రైలు గేటు దగ్గర దిగి, పట్టాలు దాటి, మా గల్లీ చేరేసరికి చీకటి పడుతుంది. చలికాలంలో ఆరింటికే దీపాలు. పైగా అది పాళీ మారే వేళ, ఆ సందుల్లో వేలమంది మగవాళ్ళు ఎదురొస్తారు. వాళ్ళలో సగం మంది నన్ను 'బిడ్డా' అని పిలిచేవాళ్ళేనని నేను ఎంత చెప్పినా, మిగతా సగం సంగతేమిటని అమ్మ అడిగేది.

కార్ఖానా బంద్ ఉన్న రోజున మా గదిలో సభ జరిగింది. అమ్మ సోషాలజీ వైపు ఉంది, ఎందుకంటే అది పొద్దున ఉంది. సోషాలజీ అంటే సంఘం గురించిన చదువని నేను చెప్పగానే అత్త, మన సంఘంలో ప్రతి నెలా జరిగే కొట్లాటలు చూస్తే చాలదా, దానికి మళ్ళీ ఫీజు కట్టాలా అంది. అర్థశాస్త్రం పనికొస్తుందని మామ అన్నాడు గానీ, దేనికి అంటే చెప్పలేకపోయాడు. జాగ్రఫీ గురించి మామకున్న ఒకే అనుమానం, రోడ్లు రైళ్ళు అన్నీ వేసేశాక ఇంకా చదవడానికి ఏముంటుందని. నేను ఏడుపు గొంతుతో, కోపంగా, రెండు పూటల టైంటేబుల్ కాగితం మీద గీసి చూపించి, అందులో జాగ్రఫీ మధ్యాహ్నం గళ్ళలోనే ఎందుకుందో వివరించి, ఈ ఒక్కటీ నాకు వదిలేయండని బతిమాలాను. బాపు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. అప్పుడు ఆయన రాత్రి పాళీలో ఉన్నాడు.

"జాగ్రఫీనే తీస్కో బిడ్డా. నేను రాత్ పాళీల ఉన్నప్పుడు పొద్దుమీకి ఫాటక్ కాడికి వస్త. నిన్ను ఇంట్ల దింపి కార్ఖానాకు పోత. ఆ తర్వాత దానంతటదే సర్దుకుంటది."

ఆ చివరి మాట ఏమిటని నేను అడగలేదు. జాగ్రఫీ అన్న మాట విన్నాక మిగతాదేదీ నా చెవిలో పడలేదు. తర్వాత నెమ్మదిగా అలవాటు పడతారులే, ఒంటరిగా రానిస్తారులే, బాపు ఉద్దేశం అదే కాబోలు అనుకున్నాను. మర్నాడే పోయి పేరు రాయించుకున్నాను.

మొదటి పదిహేను రోజులు బాగానే గడిచాయి, ఆ ఫాటక్ ఒక్కటి తప్ప. నేను ఆటో దిగేసరికి బాపు సైకిల్ పట్టుకుని, హ్యాండిల్‌కు రాత్రి అన్నం డబ్బా తగిలించుకుని నిలబడి ఉండేవాడు. నాతో కలిసి నడవడు. పది అడుగులు ముందు నడుస్తూ, అక్కర్లేకపోయినా గంట కొడుతూ, నాకోసం దారి చేసేవాడు. ఆటోలో వచ్చే మిగతా అమ్మాయిలు ఆ గంట విని నవ్వేవారు. ఇంట్లో నాకు ఇంకొక ఫిర్యాదు కూడా ఉండేది. పొద్దుటి పూట నా బెంచీ మీద కూర్చునే పిల్ల ఎవరో రోజూ పల్లికాయలు తిని పొట్టంతా డెస్కులో వదిలిపెట్టి పోయేది. నేను పోగానే పుస్తకాలు పెట్టేముందు ఆ పొట్టు ఎత్తిపోయాలి. అన్నం తింటూ ఆ పిల్లను తిట్టుకునేదాన్ని. బాపు శ్రద్ధగా వినేవాడు. ఆయన అలా విన్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

పదహారో రోజు పొద్దున, ఇంకా వెలుగు రాకముందే, బాపు నా కాలు పట్టి కదిపాడు. స్నానం చేసి, పగటి పాళీకి తయారై ఉన్నాడు. లే బిడ్డా, ఇయ్యాల పాళీ బదలీ, ఏడున్నరకు కాలేజీల ఉండాలె అన్నాడు. నేను నిద్రలోనే, బదలీ నీది బాపూ, నాది కాదు అన్నాను. ఆయన నవ్వి, నాకు బదలీ అయితే నీకు కాదా, లే అన్నాడు. అప్పుడు లేచి కూర్చున్నాను. ఒక్కొక్కటిగా అడిగితే తెలిసింది. బాపు లెక్క ఎంత చక్కగా ఉందంటే నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తాను రాత్రి పాళీలో ఉన్నప్పుడు నాకు మధ్యాహ్నం కాలేజీ, సాయంత్రం ఆయన ఖాళీ. తాను పగటి పాళీకి పోయినప్పుడు నాకు పొద్దుటి కాలేజీ, నేను అన్నం వేళకే ఇల్లు చేరతాను. పదిహేను రోజులకోసారి ఇద్దరం కలిసి మారతాం. దానంతటదే సర్దుకోవడమంటే ఇది. ఒకే బెంచీ మీద రెండు పూటలు రెండు జట్లు కూర్చుంటాయని నేనే కాగితం మీద గీసి చూపించాను. ఇక వాళ్ళు మారరని ఎవరనుకుంటారు?

కాలేజీలో బదలీ లేదని చెప్పాను. పొద్దుటివాళ్ళు ఎప్పుడూ పొద్దునే, మధ్యాహ్నంవాళ్ళు ఎప్పుడూ మధ్యాహ్నమే.

"ఎన్ని దినాలు?"

"మూడేండ్లు."

బాపు చెప్పులు వేసుకోబోతున్నవాడు ఆగి గడప మీద కూర్చున్నాడు. "గిదేం అన్యాలం బిడ్డా. ఒక్కలకే ఎండ, ఒక్కలకే నీడనా? నువ్వు సరిగ్గ అడిగినట్టు లేవు. నీ జోడీదారు ఎవరు?"

నాకు జోడీదారు లేదని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. ఎందుకు లేదు, నీ బెంచీ మీద పల్లికాయ పొట్టు పడేసే పిల్ల ఎవరు మరి అన్నాడు. తన పాళీ అయిపోయాక సాంచాల కింద దూది ఊడ్చకుండా పోయే జోడీదార్లను ఆయన చాలామందిని చూశాడట. అలాంటివాళ్ళు బదలీ కూడా ఎగ్గొడతారట. మంచిమాటతో అడిగితే ఒప్పుకుంటారట.

ఆ వారం ఇంట్లో నరకం. బాపు ఏడు దాకా కార్ఖానాలో ఉంటాడు కాబట్టి ఫాటక్ దగ్గరికి అమ్మ రావలసి వచ్చింది. అమ్మ వస్తే పొయ్యి మీది అన్నం మాడుతుంది. అన్నం మాడితే తమ్ముడు ఏడుస్తాడు. అమ్మ అక్కడ నిలబడటం చూసి గల్లీలో ప్రతి ఒక్కరూ కలెక్టరమ్మకు ఏమైందని అడుగుతారు. నాకు ఎవరూ రానక్కర్లేదు, నేను రాగలను అంటే, అది తప్ప అన్నిటి మీదా మాట్లాడదామనేవారు. నాలుగో రోజున అమ్మ పట్టాల పక్కనే నిలబడి తేల్చేసింది. ఇట్ల నడవదు, పొద్దుటి దానికి మారుతవా, ఇంట్ల కూసుంటవా అంది. సోషాలజీ అయితే ఏంది, గది గూడ చదువే గద అని కూడా అంది. అమ్మకు కోపమే తప్ప చెడ్డ ఉద్దేశం లేదు. కానీ నేను జాగ్రఫీలో అప్పటికి ఎంత నేర్చానని? గీసిన పటాలు రెండే రెండు. ఇంకా గోదావరి కూడా రాలేదు.

మర్నాడు నేను పన్నెండు కొట్టేలోపు కాలేజీ మెట్లు ఎక్కుతుండగా ఆఫీసు ముందు గుంపు కనిపించింది. గుంపు మధ్యలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న బాపు. పనికి ఎగనామం పెట్టడాన్ని మావాళ్ళు ఖాడా అంటారు. ఏళ్ళ తరబడి ఒక్క ఖాడా చేయని మనిషి ఆ రోజు చేశాడు. పక్కన మామ. రాత్రి పాళీ దిగి నిద్రపోకుండా వచ్చాడు కాబట్టి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని నిలబడి, తనను అడిగినప్పుడల్లా అవునంటున్నాడు. ఆయన జుట్టులో ఇంకా దూది ఉంది. వాళ్ళిద్దరి మధ్య రెండు జడల పిల్ల ఒకతి, చేతిలో పల్లికాయల పొట్లంతో, ఎంతో సంతోషంగా నిలబడి ఉంది.

జరిగిందేమిటంటే (ఇది నాకు తర్వాత ఆ పిల్లే చెప్పింది), పొద్దుటి క్లాసు వదిలే వేళకు వీళ్ళిద్దరూ మా గది గుమ్మంలో నిలబడి, ఇక్కడ పల్లికాయలు తినేది ఎవరని కార్ఖానా గొంతుతో హిందీలో అడిగారట. సాంచాల చప్పుడులో బతికినవాళ్ళకు మెల్లగా మాట్లాడటం రాదు. క్లాసంతా ఆ పిల్ల వైపు వేలు చూపించింది. బాపు ఆమెతో, నువ్వు మా అమ్మాయి జోడీదారువమ్మా, పదిహేను రోజులు నువ్వు మధ్యాహ్నం రా, మా పిల్ల పొద్దున వస్తుంది, పొట్టు సంగతి మేం మనసులో పెట్టుకోం అన్నాడట. ఆ పిల్ల ఊరికి అవతలి కొసన ఉన్న కతర్‌గామ్ నుంచి రావాలి. చీకటితో లేచి, ఇంటిల్లిపాదికీ రొట్టెలు చేసి, రెండు ఆటోలు మారి ఏడున్నరకు చేరేది. తిండికి టైము లేకనే ఆ పల్లికాయలు. మధ్యాహ్నం మాట వినగానే ఆమె ఎగిరి గంతేసింది. ఎవరూ ఇన్నాళ్ళూ నన్ను ఈ మాట అడగలేదు అంకుల్ అందట. ముగ్గురూ కలిసి, పని అయిపోయిందన్న ధీమాతో, ఊరికే చెప్పి పోదామని ఆఫీసుకు వచ్చారు.

గుమాస్తా నోట్లో పాన్ మసాలా ఉంది కాబట్టి మొదట అంతా ఓపికగా విన్నాడు. తర్వాత అది ఉమ్మేసి వచ్చి, అమ్మాయి పొద్దున వస్తే ఆమె మధ్యాహ్నం పాఠాలు అప్పుడెవరు చెబుతారు కాకా అని అడిగాడు. బాపు ఏమాత్రం తడుముకోలేదు. సార్లు కూడా బదలీ అవుతారు కదా అన్నాడు. ఏళ్ళ తరబడి మధ్యాహ్నం ఎండలో వచ్చేవాళ్ళే వస్తున్నారా, వాళ్ళకు మాత్రం ఇల్లూ వాకిలీ లేవా అన్నాడు. ఆ మాట అనడం, సరిగ్గా అప్పుడే మా జాగ్రఫీ సారు గొడుగు మడుచుకుంటూ లోపలికి రావడం జరిగాయి. పాపం పెద్దాయన, ఉద్యోగంలో చేరింది మొదలు మధ్యాహ్నమే. ఆయన ఆగి, ఈయన ఎవరు, ఇంత మంచి మాట చెబుతున్నాడు అన్నారు. చరిత్ర మేడమ్ అవునవును అన్నారు. ఇంటికి పోబోతున్న సోషాలజీ మేడమ్ సంచీ బల్ల మీద పెట్టి, నా పిల్లల బడి సంగతేమిటి అని వెనక్కి వచ్చారు. చూస్తుండగానే మధ్యాహ్నం పంతుళ్ళు ఒకవైపు, పొద్దుటి పంతుళ్ళు ఒకవైపు అయి, ఎవరు ఎవరికంటే ఎన్నేళ్ళు ఎక్కువ ఎండలో మాడారో లెక్కలు తీయసాగారు. బాపు మధ్యలో నిలబడి ఇద్దరికీ న్యాయం చెబుతున్నాడు. పన్నెండు గంట కొట్టినా ఎవరూ క్లాసులకు కదల్లేదు. నేను స్తంభం వెనక నిలబడి, భూమి ఎక్కడ పగులుతుందో మా సారు ఆ వారమే చెప్పారు గదా, అది ఇక్కడ ఎందుకు పగలదని చూస్తున్నాను.

చివరికి ప్రిన్సిపాల్ గారు బయటికి వచ్చి అందరినీ క్లాసులకు పంపించి, బాపుతో మర్యాదగానే మాట్లాడారు. బదలీ అనేది ఇక్కడ లేదు, ఉండదు. అమ్మాయికి పొద్దున కావాలంటే శనివారం లోపు సబ్జెక్టు మార్చుకుని సోషాలజీ తీసుకోవచ్చు. జాగ్రఫీ కావాలంటే మూడేళ్ళూ మధ్యాహ్నమే. బాపు తల ఊపి, పల్లికాయల పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి, నీ పని కాలేదు బిడ్డా అని తెలుగులో చెప్పి బయల్దేరాడు. నిద్రలో నడుస్తున్న మామ ఆయన వెనక పోయాడు. నా వైపు ఒక్కసారి చూశాడు బాపు. ఆ చూపులో నాకు కోపం తెప్పించేది ఏదైనా ఉంటే బాగుండేది. ఏమీ లేదు, సిగ్గుపడుతున్నాడంతే.

శుక్రవారం నేను కాలేజీకి బయల్దేరేటప్పుడే సంచీలో సోషాలజీకి మారే అర్జీ రాసి పెట్టుకున్నాను. రేపు ఇచ్చేస్తే అందరికీ పీడా పోతుందనుకున్నాను. నడుస్తూ ఉంటే ఏడుపు, ఏడిస్తే కోపం. సాయంత్రం ఫాటక్ దగ్గర ఆటో దిగితే, అమ్మ నిలబడే చోట బాపు ఉన్నాడు. పగటి పాళీలో సాంచాల ముందు ఉండవలసిన మనిషి. సైకిలూ, హ్యాండిల్‌కు రాత్రి అన్నం డబ్బా. మళ్ళీ ఖాడా చేశావా, ఇంక ఎవరితో కొట్లాడటానికి అని అడిగాను. ఆయన ఎప్పటిలాగే పది అడుగులు ముందు నడిచి, గంట కొట్టి, గల్లీ మొదట్లో ఆగి చెప్పాడు.

"నేను రాత్ పాళీల పర్మనెంటు అయిన. మీ మామ పగటి పాళీ. సేటు ఒప్పుకున్నడు."

"ఎందుకు?"

"మీ కాలేజీల బదలీ లేదు గదా. మరి నాకెందుకు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నిజంగానే మండింది. ఒక్క మాట నన్ను అడిగారా? మూడేళ్ళు రాత్రంతా నిలబడటమంటే మాటలా? నేను సోషాలజీకి మారతాను, అర్జీ కూడా రాసి పెట్టుకున్నాను, ఇప్పుడే పోయి మామకు చెప్పు అన్నాను. నడివీధిలో అరిచానని అమ్మ తర్వాత తిట్టింది కూడా. బాపు తాపీగా, ఇప్పుడెట్ల చెప్పాలె బిడ్డా, మీ మామ సంబురంగ పొద్దుగాల జిలేబి గూడ తినిపించిండు, నేను తిన్న గద అన్నాడు. జిలేబి తిన్నాక మాట వెనక్కి తీసుకోవడం మావాళ్ళలో లేదు. ఇంట్లో నా కోసం కూడా నాలుగు చుట్లు దాచారు. నేను ఆ కోపంలోనే నాలుగూ తిన్నాను.

ఆ తర్వాత ఎవరు అడిగినా బాపు రాత్రి పాళీని తెగ పొగిడేవాడు. రాత్రి సల్లగుంటది, సేటు రాడు, చాయ్ మంచిగ చేస్తరు. అవన్నీ అబద్ధాలని గల్లీలో ప్రతి మనిషికీ తెలుసు, ఎందుకంటే అందరూ ఆ రాత్రులు చేసినవాళ్ళే. తెల్లవారుజామున కాళ్ళు ఎలా ఉబ్బుతాయో, తెగిన దారం కళ్ళకు ఎలా ఆనదో వాళ్ళకు చెప్పనక్కర్లేదు. మేము పొద్దున పూట గదిలో పిల్లుల్లా తిరిగేవాళ్ళం. స్టీలు గిన్నె జారితే ముగ్గురమూ ఊపిరి బిగబట్టేవాళ్ళం. సాయంత్రం ఆటో దిగేసరికి ఎర్రటి కళ్ళతో, డబ్బాతో, గంటతో మనిషి సిద్ధం. రెండో ఏడు వచ్చేసరికి నా సిగ్గు కొంత తగ్గింది గానీ విసుగు తగ్గలేదు. ఒక్కరోజైనా రాకుండా ఉండొచ్చు కదా అని నేను, ఒక్కరోజు కోసం పాళీ మారుతారా అని ఆయన. ప్రాక్టికల్స్‌లో మా మా ఇళ్ళ చుట్టుపక్కల పటం గీయమన్నారు. రైలుపట్టాలకు ఒక గుర్తు, గుడికి ఒకటి, బావికి ఒకటి ఉన్నాయి. నేను ఫాటక్ పక్కన చిన్న నల్లచుక్క పెట్టాను. సారు అది ఏమిటని అడిగితే ఆటో స్టాండ్ అన్నాను. అక్కడ ఆటో స్టాండ్ లేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, నేను సూరత్ దగ్గరే పల్సానాలో ఒక బడిలో జాగ్రఫీ చెబుతున్నాను. మా బడికీ రెండు పూటలు. ఈ ఏడు టైంటేబుల్ వేసే గండం నా నెత్తిన పడింది. మధ్యాహ్నం పంతుళ్ళంతా కట్టగట్టుకుని వచ్చి, ఏళ్ళ తరబడి ఎండంతా మాకేనా అని కూర్చున్నారు. పొద్దుటివాళ్ళు వాళ్ళ పిల్లల సంగతులు ఎత్తుకున్నారు. రెండు గంటలు వాదించుకున్నాక నా ఓపిక చచ్చిపోయి, గట్టిగా, కార్ఖానా గొంతుతో అనేశాను. "పదిహేను రోజులకోసారి బదలీ. ఎవరి జోడీదారు ఎవరో మీరే తేల్చుకోండి." గదిలో అందరూ నన్ను వింతగా చూశారు. ఆ మాట ఎవరిదో నాకు ఒక్కదానికే తెలుసు. సిగ్గు లేకుండా అదే అమలు చేశాను. చక్కగా నడుస్తోంది కూడా, ఒక్క డ్రాయింగ్ సారు తప్ప. ఆయన రోజూ నా బల్ల దగ్గరికి వచ్చి, నాకు బదలీ వద్దు మేడమ్, నన్ను ఎప్పటికీ మధ్యాహ్నమే ఉంచండి అంటాడు. మధ్యాహ్నం బాగుంటుందట, పిల్లలు నెమ్మదిగా ఉంటారట, గాలి వస్తుందట. పల్సానాలో ఎండాకాలం గాలి ఎక్కణ్ణుంచి వస్తుందో ఆయనకే తెలియాలి. రూల్ అంటే రూల్ అని నేను పంపించేస్తున్నాను.

ఇంటికి వచ్చి ఈ గోడు బాపుకు చెప్పుకున్నాను. బాపు ఇప్పుడు మాతోనే ఉంటాడు, సాంచాలు మానేసి చాలా కాలమైంది. బదలీ పెట్టానంటే సంబరపడతాడనుకున్నాను. ఆనాడే చెప్పిన, కాలేజోళ్ళు ఇనలే అని అంటాడనుకున్నాను. డ్రాయింగ్ సారు కబుర్లు, ఆ గాలి సంగతి అన్నీ విని, టీ గ్లాసు కింద పెట్టి ఒకటే మాటన్నాడు.

"గాయనకు బిడ్డ ఉన్నదేమో అడుగు."

మర్నాడు అడిగాను. ఉంది. నర్సింగ్ చదువుతోందట, పొద్దున పూట ఆయనే కాలేజీకి దింపాలట, వాళ్ళింటి నుంచి దారి బాగుండదట. ఆయన పేరు మధ్యాహ్నం గడిలో రాసి, పక్కన బదలీ లేదు అని రాశాను. మొన్న బస్టాండు దగ్గర ఇద్దరూ కనిపించారు. సారు స్కూటరు ఆపి, అక్కర్లేకపోయినా హారన్ కొడుతున్నాడు. ఆ పిల్ల దిగి, ముఖం ముడుచుకుని, తనకూ ఆయనకూ ఏ సంబంధమూ లేనట్టు గబగబా నడిచిపోతోంది. ఆ విసుగు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. నాలుగు జిలేబి చుట్లు తిన్న నోటితో మూడేళ్ళు నేనూ అలాగే నడిచాను.